వీసా రిజెక్ట్ అయింది, మళ్లీ అప్లై చేయాలి: ముందు ఆ ఫారంలో పెట్టిన ‘నో’ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: నేను 2022లో మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తి చేశాను. తర్వాత వాహనాల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో, వారంటీ క్లెయిమ్‌లు చూసే విభాగంలో పనిచేశాను. అమెరికాలోని ఒక స్టేట్ యూనివర్సిటీలో బిజినెస్ అనలిటిక్స్ ఎంఎస్‌కి ఈ ఆగస్టు ఇన్‌టేక్‌లో సీటు వచ్చింది. యూనివర్సిటీ ఇచ్చిన అడ్మిషన్ పత్రం ఐ-20లో మొదటి ఏడాది ఖర్చు 38 వేల డాలర్లు చూపించారు. బ్యాంకు 40 లక్షల లోన్ మంజూరు చేసింది. నాన్నగారు జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా రిటైరయ్యారు. వీసా వస్తుందన్న నమ్మకంతో మే నెలలో ఉద్యోగం మానేశాను. జూన్‌లో హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ జరిగింది. ఈ యూనివర్సిటీ ఎందుకు, మెకానికల్ చదివి అనలిటిక్స్ ఎందుకు, డబ్బు ఎవరు పెడుతున్నారు అని మూడే అడిగారు. కన్సల్టెన్సీ వాళ్లు ప్రాక్టీస్ చేయించినట్టే జవాబులు చెప్పాను. ఫైల్ తెరవమని కూడా అనకుండా, 214(బి) సెక్షన్ కింద వీసా ఇవ్వలేదని ఉన్న కాగితం చేతికిచ్చి పంపేశారు. ఇప్పుడు కన్సల్టెన్సీ వాళ్లు యూనివర్సిటీ మార్చి, ముంబైలో స్లాట్ తీసుకోమంటున్నారు. అక్కడి ఆఫీసర్లు అంత కఠినంగా ఉండరట. అకౌంట్లో ఇంకో 20 లక్షలు కొద్దిరోజులు ఉంచేలా వాళ్లే చూస్తారట. వెంటనే మళ్లీ వెళ్లాలా, జనవరి దాకా ఆగాలా? ఇంకొకటి. మా అక్క, బావగారు అమెరికాలోనే ఉన్నారు. బావగారిది హెచ్-1బి ఉద్యోగ వీసా, అక్కది ఆయన భార్యగా వచ్చిన హెచ్-4. ఆ విషయం చెబితే రిజెక్ట్ చేస్తారని కన్సల్టెన్సీ వాళ్లు వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో బంధువులు లేరని పెట్టారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: ఉత్తరం చివర్లో ‘ఇంకొకటి’ అంటూ మీరు దాటేసిన అక్కగారి విషయం దగ్గరే నేను మొదలుపెడతాను. స్లాట్, యూనివర్సిటీ, జనవరి అన్నీ దాని తర్వాతే.

డీఎస్-160లో తల్లిదండ్రుల గురించి విడిగా అడుగుతారు. వాళ్లు కాక దగ్గరి బంధువులు ఎవరైనా అమెరికాలో ఉన్నారా అని ఇంకో ప్రశ్న ఉంటుంది. దగ్గరి బంధువులంటే భార్య లేదా భర్త, పెళ్లి నిశ్చయమైనవారు, పిల్లలు, తోబుట్టువులు అని అక్కడే వివరంగా ఉంటుంది. సొంత అక్క కచ్చితంగా ఆ లెక్కలోకి వస్తుంది. హెచ్-4 మీద ఉన్నారు కాబట్టి పౌరురాలు కాదు, గ్రీన్‌కార్డు లేదు, తాత్కాలిక వీసాదారు అని పెట్టడానికి వీలుగా ఆప్షన్ కూడా ఉంటుంది. అంటే ఇలాంటి అక్కచెల్లెళ్లు చాలామందికి ఉంటారని ఆ ఫారం తయారుచేసినవాళ్లకు తెలుసు.

అక్క ఉన్నారని నిజం చెప్పి ఉంటే ఏమయ్యేది? బహుశా ఏమీ అయ్యేది కాదు. అమెరికాలో బంధువులున్నంత మాత్రాన విద్యార్థి వీసా ఇవ్వకూడదన్న నియమం లేదు. మహా అయితే ఇంకో ప్రశ్న వచ్చేది. లేరని పెట్టడం వల్ల మాత్రం అవసరం లేని ప్రమాదం తెచ్చుకున్నారు. వీసా కోసం ముఖ్యమైన విషయాన్ని తెలిసీ తప్పుగా చెప్పారని తేలితే, అక్కడి వలస చట్టంలోని 212వ సెక్షన్ కింద జీవితాంతం అనర్హత పడుతుంది. మినహాయింపు అడిగే దారి ఉంది, కానీ అది వాళ్ల దయ. మీ చేతిలో ఉన్న 214(బి) దాని ముందు చాలా చిన్నది. ఆ రోజు మీరు చూపించింది చాలలేదని అనడమే దాని అర్థం. మీ మీద ఏ మచ్చా వేయదు.

‘ఫారం నింపింది నేను కాదు కదా’ అని మీకు అనిపించవచ్చు. ఆఫీసర్ ఆ మాట వినరు. చివర్లో అన్నీ నిజాలేనని ఎలక్ట్రానిక్ సంతకం పెట్టేది దరఖాస్తుదారే. పైగా ఈ ఫారం నింపడానికి ఎవరైనా సాయం చేశారా అని కూడా అక్కడ ఒక ప్రశ్న ఉంది. మీ కన్సల్టెన్సీ వాళ్లు దానికి ఏం పెట్టారో ఒకసారి చూడండి. అక్కడా ‘నో’ ఉంటే నాకేమీ ఆశ్చర్యం లేదు. సమర్పించిన ఫారం కాపీ మొత్తం వాళ్ల దగ్గర నుంచి తీసుకోండి. ఇవ్వకుండా నసిగితే వాళ్ల గురించి మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే.

కొత్త ఫారంలో అక్క ఉన్నారని, తాత్కాలిక వీసా మీద ఉన్నారని పెట్టండి. పోయినసారి వీసా రాలేదన్నదీ దాచకండి. ఆ ప్రశ్నకు ‘అవును’ అని పెట్టి, ఎప్పుడు, ఎక్కడ, ఏ సెక్షన్ కింద రాలేదో రాయండి. రెండు ఫారాలూ పక్కపక్కన ఆఫీసర్ స్క్రీన్ మీద ఉంటాయనుకునే వెళ్లండి. బంధువుల సంగతి అడిగితే ‘పోయినసారి తప్పుగా పెట్టాను, ఈసారి సరిచేశాను, మా అక్క ఫలానా ఊళ్లో ఉంటుంది’ అని ఊరుకోండి. కన్సల్టెన్సీ మీద ఫిర్యాదులు, కన్నీళ్లు వద్దు. అయితే మీరు పెట్టిన ఆ ‘నో’ చట్టం దృష్టిలో ఎంత బరువైనదో తేల్చడం నా పని కాదు. కొత్త ఫారం పంపేముందు అమెరికాలో లైసెన్స్ ఉన్న ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక్కసారి, డబ్బు కట్టే మాట్లాడండి. వీసా కోసం పెట్టే మొత్తం ఖర్చులో అది తీసేయకూడని ఖర్చు.

ఇక 214(బి). 1952 నాటి వలస, జాతీయత చట్టంలోని ఈ సెక్షన్ ప్రకారం, వీసా అడిగే మనిషి అమెరికాలో స్థిరపడటానికే వస్తున్నాడని ఆఫీసర్ ముందే అనుకోవాలి. కాదని ఒప్పించే బాధ్యత మనది. నేరం రుజువయ్యేదాకా నిర్దోషి అనే పద్ధతి ఇక్కడ తలకిందులుగా ఉంటుంది. ఒప్పించడానికి మనకు దొరికేది రెండు మూడు నిమిషాలు. దీని మీద అప్పీలు లేదు. ఇన్ని నెలలు ఆగాలన్న గడువూ లేదు. ఫీజు కట్టి, స్లాట్ దొరికితే మళ్లీ వెళ్లవచ్చు. ఇంట్లోవాళ్ల కోసం ఒక అంకె చెబుతాను. 2023 అక్టోబరు నుంచి 2024 సెప్టెంబరు దాకా ప్రపంచం మొత్తం మీద వచ్చిన ఎఫ్-1 (విద్యార్థి వీసా) దరఖాస్తుల్లో దాదాపు 41 శాతం తిరస్కరించారు. ‘మన అమ్మాయికే ఎందుకిలా’ అన్న ప్రశ్నకు ఇది కొంత జవాబు.

ఫైల్ తెరవలేదని బాధపడుతున్నారు. చాలామందికి తెరవరు. ఫారంలో ఉన్నది చదివి, మీ మాట విని, ఆ రెండూ అతుకుతున్నాయో లేదో చూస్తారు. అందుకే మీ ఉత్తరాన్ని మళ్లీ చదివాను. వారంటీ క్లెయిమ్‌ల విభాగంలో పనిచేశానని ఎంత మామూలుగా రాసేశారో! మీ కేసులో అన్నిటికంటే బలమైన వాక్యం అదే. ఏ విడిభాగం ఎన్ని నెలలకు పాడవుతోంది, ఏ బ్యాచ్‌లో ఎక్కువ వెనక్కి వస్తోంది, ఏ డీలర్ దగ్గర నుంచి అనుమానపు క్లెయిమ్‌లు వస్తున్నాయి అని మీరు రోజూ చూసిందంతా డేటాయే. మెకానికల్ చదివిన మనిషి అనలిటిక్స్ వైపు ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు ఇంతకంటే సహజమైన దారి ఎవరికీ ఉండదు. మరి ఆఫీసర్‌కి ఏం చెప్పారు? ప్రాక్టీస్ చేయించినట్టే చెప్పానన్నారు. అంటే ఊహించగలను: అద్భుతమైన ఫ్యాకల్టీ, అత్యాధునిక ల్యాబ్‌లు, పెరుగుతున్న డిమాండ్. ఆ కిటికీ ముందు అదే రోజు ఇంకెందరో అవే మాటలు అదే వరసలో చెప్పి ఉంటారు. మాటలు తప్పని కాదు. వాటిలో మీరు లేరు.

కాబట్టి కూర్చుని మీ పని గురించి రాయండి. ఇంగ్లిష్‌లో వద్దు, ముందు తెలుగులోనే రాయండి. ఆఫీసులో ఏ రోజు, ఏ రిపోర్టు చేస్తున్నప్పుడు ‘ఇది ఎక్సెల్‌తో అయ్యే పని కాదు’ అనిపించింది? మీకు తెలియక ఆగిపోయింది ఎక్కడ? ఆ తెలియనిది నేర్పే సబ్జెక్టులు ఈ ఎంఎస్‌లో ఏవి? యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో సిలబస్ తెరిచి, రెండు సబ్జెక్టుల పేర్లు చెప్పగలిగేంతగా చదవండి. అప్పుడు జవాబు దానంతటదే చిన్నదవుతుంది: ‘మూడేళ్లు వారంటీ డేటా చూశాను, పాడయ్యాక లెక్కపెట్టడమే చేశాను, పాడవకముందే అంచనా వేయడం నేర్చుకోవాలి, ఈ కోర్సులో అందుకు ఫలానా సబ్జెక్టులు ఉన్నాయి.’ ఇది నేను రాసిన వాక్యం. దీన్ని బట్టీ పట్టకండి. బట్టీ పట్టిన జవాబు మధ్యలో ఆపి వేరే ప్రశ్న వేస్తే, ఇక అక్కడి నుంచి మాట పెగలదు.

చదువయ్యాక ఏం చేస్తారన్నది ఈసారి తప్పక అడుగుతారనుకుని సిద్ధపడండి. పొలాలు, ఇళ్ల కాగితాలు, సీఏ సర్టిఫికెట్లు పట్టుకెళ్తే మన దేశంతో బంధం రుజువవుతుందని చాలామంది నమ్మకం. పాతికేళ్ల విద్యార్థి పేరు మీద ఆస్తులు ఉండవని వాళ్లకూ తెలుసు. విద్యార్థుల విషయంలో ఇప్పటి ఉద్దేశం ఏమిటన్నదే ముఖ్యమని వాళ్ల విదేశాంగ శాఖ మాన్యువల్ కూడా చెబుతూ వచ్చింది. కాబట్టి మీకు నిజంగా ఉన్న ప్లానే చెప్పాలి. తిరిగివచ్చి వాహన కంపెనీల్లో నాణ్యత, వారంటీ విభాగాల్లో అనలిటిక్స్ పని చేయాలనుంటే, ఇక్కడ ఏ రకం కంపెనీలు, ఏ హోదా, ఎంత జీతం అన్నవి ముందే తెలుసుకోండి. పాత కంపెనీ మేనేజర్‌తో మాట్లాడితే సగం సమాచారం అక్కడే దొరుకుతుంది. అమెరికాలోనే ఉండిపోవాలన్నది మనసులో గట్టిగా ఉంటే మాత్రం, ఆ ఉద్దేశానికి ఎఫ్-1 సరైన వీసా కాదు. దాన్ని కప్పిపుచ్చే జవాబు నేను నేర్పను.

డబ్బు దగ్గర మీకు అసలు సమస్యే లేదు. ఐ-20లో చూపించిన మొదటి ఏడాది ఖర్చు కంటే మీ లోన్ ఎక్కువే. రెండో ఏడాదికి లోన్‌లో మిగిలేది, నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు, మీ పొదుపు ఎంతెంతో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే చాలు. అక్కడ పార్ట్‌టైమ్ చేసి కట్టుకుంటానని పొరపాటున కూడా అనకండి. చదువు జరుగుతున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయనివ్వరు, ఆ సంపాదనను ఫీజుల లెక్కలో కలపరు. ఇక అకౌంట్లో కొద్దిరోజులు ఉంచుతామంటున్న 20 లక్షలు. వాటికి వడ్డీ, కమిషన్ కట్టేది మీరు. ఈ డబ్బు ఎక్కడిదని అడిగితే తడబడాల్సిందీ మీరే. అక్క విషయంలో ఒక అబద్ధం పెట్టించినవాళ్లే ఇప్పుడు రెండోది అమ్ముతున్నారు. ఈ ఒక్క కారణంతోనే వాళ్లకు నమస్కారం పెట్టి బయటికి రావచ్చు.

ముంబై మాట నమ్మకండి. ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతా, హైదరాబాద్, ఎక్కడికి వెళ్లినా కనిపించే రికార్డు ఒక్కటే. ముంబైలో ఆఫీసర్లు మెత్తన, చెన్నైలో తెలుగువాళ్లకు కష్టం లాంటి మాటలు ప్రతి సీజన్‌లో పుడతాయి, తర్వాతి సీజన్‌లో తిరగబడతాయి. స్లాట్ అక్కడే దొరికితే వెళ్లండి, తప్పులేదు. ఆఫీసర్ మారతారు, మీ ఫారం మారదు. ఇంతకుముందు కొందరు వేరే దేశాలకు వెళ్లి ఇంటర్వ్యూ ఇచ్చేవారు. 2025 సెప్టెంబరు నుంచి పౌరసత్వం ఉన్న దేశంలో గానీ, నివాసం ఉన్న దేశంలో గానీ అప్లై చేయాలని చెబుతున్నారు కాబట్టి ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. స్లాట్లు ఇప్పిస్తామనే ఏజెంట్లతోనూ జాగ్రత్త. 2025 మార్చిలో బాట్‌లతో (ఆటోమేటిక్ సాఫ్ట్‌వేర్‌తో) బుక్ చేసిన సుమారు 2,000 అపాయింట్‌మెంట్లను ఇండియాలోని అమెరికా ఎంబసీ రద్దు చేసింది.

యూనివర్సిటీ మార్చాలా అంటే, వీసా కోసం అయితే వద్దు. కోర్సు మీ పనికి అతుకుతోంది, ఖర్చు లోన్‌లో సరిపోతోంది, యూనివర్సిటీ ప్రభుత్వానిది. మార్చితే ‘పోయినసారి ఆ యూనివర్సిటీ చాలా మంచిదన్నారు కదా’ అన్న ప్రశ్నకు కొత్త జవాబు వెతుక్కోవాలి. సిలబస్ చదివాక ఇది మీకు కావాల్సిన కోర్సు కాదని మీకే అనిపిస్తే, అప్పుడు మార్చడంలో అర్థముంది.

వెంటనే వెళ్లాలా, జనవరికా? జనవరికే అంటాను. ఆగస్టు క్లాసులకు మిగిలిన కొద్ది వారాల్లో లాయర్‌ని కలవడం, ఫారం సరిచేయడం, మీ జవాబులు మీవి కావడం అన్నీ జరగవు. పోయిన నెల మనిషే అదే ఫైలుతో మళ్లీ కిటికీ ముందుకు వస్తే ఆఫీసర్ అడిగే మొదటి ప్రశ్న ‘అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది?’ అనే. ఈ వారంలోనే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు మెయిల్ రాసి, అడ్మిషన్‌ని స్ప్రింగ్‌కి, అంటే జనవరి బ్యాచ్‌కి, వాయిదా (డిఫర్) వేయమని అడగండి. ఆ కోర్సులో జనవరి బ్యాచ్ లేకపోతే వచ్చే ఆగస్టుకు మార్చమనండి. ఐ-20లోని ప్రారంభ తేదీ దాటకముందే అడిగితే సాధారణంగా అదే సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు) నంబర్ మీద కొత్త తేదీ వేసి ఇస్తారు. ఏడాది ముందు నుంచే వీసా ఇచ్చే వీలుంది, కానీ దేశంలోకి అడుగుపెట్టేది మాత్రం కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల లోపే. అందుకే టికెట్ల హడావుడి అక్కర్లేదు.

కొత్త డీఎస్-160, కొత్త అపాయింట్‌మెంట్, 185 డాలర్ల వీసా ఫీజు మళ్లీ తప్పవు. పాత ఫీజు తిరిగి రాదు. 350 డాలర్ల సెవిస్ ఫీజు మాత్రం, వీసా రాని తేదీ నుంచి 12 నెలల లోపు మళ్లీ ఎఫ్-1కే అప్లై చేస్తే, రెండోసారి కట్టక్కర్లేదు. యూనివర్సిటీ మారి సెవిస్ నంబర్ మారినా ఆ చెల్లింపును కొత్త నంబర్‌కి మార్పించుకోవచ్చు. ఇది తెలియక రెండుసార్లు కట్టేవాళ్లున్నారు. సోషల్ మీడియా సంగతి కూడా చూసుకోండి. గత ఐదేళ్లలో వాడిన అకౌంట్ల పేర్లు ఫారంలో ఇవ్వాలి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవాళ్లు ఆ అకౌంట్లను అందరికీ కనిపించేలా పెట్టాలి. లింక్డ్‌ఇన్‌లో ఉద్యోగం తేదీలు ఫారంలోని తేదీలతో కలుస్తున్నాయా చూడండి. ఈ చిన్న తేడా దగ్గర అనవసరంగా ఇరుక్కునేవాళ్లు చాలామంది.

అమెరికా కాకపోతే బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా ఉన్నాయి కదా అని ఇంట్లో ఎవరో అని ఉంటారు. నిజంగా అక్కడి కోర్సు నచ్చితే వెళ్లండి. అక్కడి ఫారాల్లోనూ ఏ దేశమైనా వీసా నిరాకరించిందా అని అడుగుతారు. అక్కడ కూడా ‘అవును’ అనే రాయాలి.

జనవరికీ రాకపోతే? మూడోసారి వెళ్లకుండా ఆపే నియమం ఏదీ లేదు. కానీ అప్పుడు లోన్ వడ్డీ, ఖాళీగా గడిచిన నెలలు, వయసు అన్నీ కలిపి ఇంట్లోవాళ్లతో కూర్చుని లెక్క వేసుకోవాల్సి ఉంటుంది. ఆ లెక్క తేలికగా ఉండాలంటే ఇప్పుడే పాత కంపెనీకి ఫోన్ చేసి తిరిగి తీసుకుంటారేమో అడగండి. మేలో మానేసిన ఉద్యోగంలో ఆగస్టులో చేరడంలో చిన్నతనమేమీ లేదు. అక్కడ కాకపోతే అదే రకం పని ఇంకెక్కడైనా చూడండి. ‘ఇప్పుడేం చేస్తున్నారు?’ అని ఆఫీసర్ అడిగినప్పుడు చెప్పడానికి ఒక పని ఉంటుంది, చేతిలో జీతమూ ఉంటుంది. బ్యాంకుకి కూడా వెళ్లి, లోన్ మంజూరు లెటర్ ఎప్పటిదాకా చెల్లుతుందో కనుక్కోండి. కొత్త ఐ-20 ఇచ్చి తేదీ పొడిగించమని రాతపూర్వకంగా అడగండి, నోటిమాటతో ఊరుకోవద్దు.